ఇరుపక్షాలకూ ఏమీ కాని మనిషి

(పింఛనుదారుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను మాట్లాడమన్నప్పుడు కరువు భత్యం గురించో, వైద్య ఖర్చుల బిల్లుల గురించో చెప్పమంటారనుకున్నాను. "వాటికి వేరే ఇద్దరున్నారు, మీరు అంపైరు సంగతి చెప్పండి" అన్నారు. నేను ముప్పై నాలుగేళ్ళు గుమాస్తాగిరీ చేసినట్లు మీకందరికీ తెలుసు. అందులో పాతికేళ్ళు ఆదివారాలు తెల్లకోటు వేసుకుని కర్నూలు, కడప జిల్లాల మైదానాల్లో అంపైరుగా నిలబడ్డట్టు కొందరికే తెలుసు. ఆ పనిలో కూర్చోవడమనేది లేదు. ఆరు రోజులు కుర్చీకి అతుక్కుపోయేవాడికి ఏడో రోజు ఆ శిక్ష మంచిదేనని మా ఆవిడ అనేది.

ముందుగా మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతాను. 2025 నవంబరు 2న నవీ ముంబయిలో మన అమ్మాయిలు దక్షిణాఫ్రికాను ఓడించి ప్రపంచ కప్పు గెలిచారు. ఆ జట్టులో మన కడప జిల్లా బిడ్డ శ్రీచరణి ఉంది. ఆ పేరు తెలియనివారు ఈ హాల్లో లేరు. సరే, ఆ ఫైనల్లో అంపైర్లుగా నిలబడిన ఇద్దరు స్త్రీల పేర్లు ఎవరైనా చెప్పగలరా? లేదు కదా. ఏం ఫరవాలేదు. అంపైరు పేరు ఎవరికీ గుర్తులేదంటే ఆ రోజు ఆయన పని సవ్యంగా జరిగిందని అర్థం. మన సెక్షన్లలో కూడా అంతే కదండీ. ఫైలు నడిచినంత కాలం గుమాస్తా ఎవరని అడిగిన పాపాన పోరు. ఆగినప్పుడే "ఎవడు వాడు" అంటారు.

క్రికెట్ తెలియని అక్కయ్యల కోసం ఆ పని ఏమిటో నాలుగు మాటల్లో చెబుతాను. బ్యాటు పట్టినవాడు అవుటా కాదా అన్నది అంపైరు తనంతట తాను చెప్పకూడదు. ఎదుటి జట్టువాళ్ళు అడగాలి. దాన్ని అప్పీలు అంటారు. అడగకపోతే, అవుటని కళ్ళారా చూసినా వేలెత్తే అధికారం లేదు. అర్జీ లేనిదే ఆర్డరు లేదన్నమాట! ఈ నిబంధన చదివిన రోజున ఇది మనవాడెవడో రాసినదే అనుకున్నాను.

అన్నిటికన్నా కష్టం ఎల్బీడబ్ల్యూ. బంతి కాలికి తగులుతుంది. పదకొండు మంది ఒక్కసారిగా అరుస్తారు. అప్పుడు నాలుగు సంగతులు చూడాలి. బంతి ఎక్కడ పడింది, కాలికి ఎక్కడ తగిలింది, ముందు బ్యాటుకు తగిలిందా, కాలు అడ్డం లేకపోతే వికెట్లకు తగిలి ఉండేదా. మొదటి మూడూ జరిగినవి. నాలుగోది జరగనిది. జరగనిదాన్ని ఊహించి తీర్పు చెప్పాలి, అదీ రెండు మూడు సెకన్లలో. ఈ రోజు మనం పండుగ చేసుకుంటున్నది నకారా కేసు తీర్పు వచ్చిన రోజని మీకు తెలుసు, 1982 డిసెంబరు 17. సుప్రీంకోర్టువారు వాదనలు విని, పుస్తకాలు తిరగేసి, పేజీలకు పేజీలు రాసి చెప్పారు. అంపైరుకు ఆ వెసులుబాటు లేదు. కారణాలు రాయడు. వేలెత్తుతాడు, లేకపోతే ఊరుకుంటాడు. ఆయన వేలెత్తాడని తర్వాత అందరూ ఆయన్ను వేలెత్తి చూపుతారు.

మన బండలాగుడు పోటీల్లో ఈ బాధ లేదు చూడండి. ఎడ్లు బండను ఎన్ని అడుగులు లాగాయో టేపు చెబుతుంది, ఎన్ని నిమిషాలైందో గడియారం చెబుతుంది. టేపుతో తగాదా పడేవాడు ఉండడు. జరగనిదాన్ని కొలిచే టేపు మా కాలంలో లేదు.

మా రోజుల్లో జిల్లా అంపైరు అంటే చట్టాల పుస్తకం చదివి ఒక పరీక్ష రాయాలి. ఆంధ్ర రాష్ట్రం కర్నూలు రాజధానిగా ఏర్పడిన 1953లోనే ఆంధ్ర క్రికెట్ సంఘం కూడా పుట్టింది. ఆ తొలి రంజీ జట్టుకు అంతటి సి.కె. నాయుడుగారే వచ్చి కెప్టెన్‌గా ఉన్నారు. ఆ వైభవం కోస్తా వాళ్ళది లెండి. మన దగ్గర గులకరాళ్ళ నేల మీద గోనె మ్యాటు పరిచి, నాలుగు మూలలా మేకులు కొట్టి ఆడేవారు. పడమటి గాలి వస్తే మ్యాటు లేచేది. ఏప్రిల్ ఎండలో పదకొండు గంటలకే చెప్పుల్లోంచి సెగ కొట్టేది. కూలి ఏమిటంటే బస్సు చార్జీ, మధ్యాహ్నం భోజనం. కొన్నిచోట్ల పది రూపాయలు. ఓవరుకు ఆరు బంతులు లెక్క తప్పకుండా కొందరు చిల్లర నాణేలు పెట్టుకునేవారు. నేను జేబులో ఆరు చింతగింజలు వేసుకునేవాణ్ణి. ఇంగ్లండులో ఫ్రాంక్ చెస్టర్ అనే మహానుభావుడు మొదటి ప్రపంచ యుద్ధంలో ఒక చెయ్యి పోగొట్టుకుని, మిగిలిన ఒక్క చేత్తో 1924 నుంచి 1955 వరకు 48 టెస్టులకు అంపైరుగా నిలబడ్డాడు. ఆయన ఆరు గులకరాళ్ళు వాడేవాడట. మనం ఎవరికి తీసిపోయాం?

తెల్లకోటు వల్ల ఇంకో తంటా. ఒకసారి డోను బస్టాండులో కోటు వేసుకునే నిలబడ్డాను. ఒక తల్లి చంకలో పిల్లవాడితో వచ్చి, "డాక్టరు సారూ, రాత్రినుంచి ఒళ్ళు కాలిపోతాంది, ఒకసారి చెయ్యి పట్టి చూడండి" అంది. నేను డాక్టరును కాదమ్మా అంటే నమ్మలేదు. చివరికి ఆ తల్లిని, పిల్లవాణ్ణి ఆసుపత్రిలో దిగబెట్టి వెళ్ళేసరికి మ్యాచి అరగంట ఆలస్యంగా మొదలైంది. ఆ తర్వాత కోటు సంచిలో పెట్టుకునే ప్రయాణం.

ఇక అసలు విషయానికి వస్తాను. అంపైరుకు కళ్ళు బాగుండాలి, చట్టం తెలియాలి. ఇవి రెండూ సంపాదించుకోవచ్చు. మూడోది ఒకటుంది, అది మన చేతుల్లో లేదు. ఆడేవాళ్ళు మనల్ని ఎవరి మనిషి అనుకుంటున్నారన్నది.

ఒక ఏడు ఆఫీసుల మధ్య మ్యాచి పెట్టారు. ఏ ఆఫీసులో ఏ సంవత్సరమో చెప్పను. అంపైరుగా నన్నే నిలబెట్టారు. మా పై అధికారి బ్యాటింగుకు వచ్చారు. నాలుగో బంతికి కాలికి తగిలింది. అవతలివాళ్ళు అడిగారు. నేను చూడవలసిన నాలుగూ చూశాను, వేలెత్తాను. ఆయన ఒక్క మాట అనలేదు, పెద్దమనిషి. కాని ఆ ఏడు నా సరెండర్ లీవు బిల్లు రెండు నెలల పాటు ఆయన బల్ల మీదనే విశ్రాంతి తీసుకుంది. అది సరే, ఊహించిందే. నేను ఊహించనిది మా సెక్షనువాళ్ళ మాట. "పెద్దసారును కూడా వదల్లేదని పేరు తెచ్చుకోవడానికి ఇచ్చినాడప్పా" అన్నారు. ఇటు చూడండి. ఇవ్వకపోతే దొరకు భయపడ్డాడంటారు, ఇస్తే గొప్ప చూపించుకున్నాడంటారు. సొంతవాళ్ళ మధ్య నిలబడిన అంపైరుకు రెండు దారులూ మూసే ఉంటాయి. బంతి ఎక్కడ పడిందన్న మాట ఎవరికీ అక్కర్లేదు.

దానికి విరుగుడు నేను నేర్చుకున్నది పట్నంలో కాదు, కుందూ నది ఒడ్డున. కోయిలకుంట్ల పక్కన రెండు ఊళ్ళు, పేర్లు ఎందుకు లెండి. 1984 సంక్రాంతికి రెండు ఊళ్ళ కుర్రాళ్ళూ క్రికెట్ పందెం వేసుకున్నారు. ఆ ఊళ్ళ మధ్య పాత కక్షలున్నాయి. అంపైరు వాళ్ళ మనిషి అయితే వీళ్ళు ఆడరు, వీళ్ళ మనిషి అయితే వాళ్ళు ఆడరు. కర్నూలు నుంచి ఒక గుమస్తా వస్తాడటని నన్ను పిలిపించారు. బస్సు దిగేసరికి రచ్చబండ మీద ఇరు పక్షాల పెద్దలు కూర్చుని ఉన్నారు. క్రికెట్ గురించి ఒక్క ప్రశ్న వేయలేదు.

"సార్ది సొంతూరు యాది?" అన్నారు. చెప్పాను.

"అమ్మగారి పుట్టినూరు?" చెప్పాను.

"పెండ్లాన్ని యాడనుంచి తెచ్చుకున్నారు? మీ ఇంటి ఆడబిడ్డల్ని ఏ ఊర్లకిచ్చినారు?"

అన్నీ చెప్పాను. మూడు తరాలు తవ్వినా రెండు ఊళ్ళతోనూ నాకు ఏ చుట్టరికమూ తేలలేదు. అప్పుడు గానీ మజ్జిగ ఇవ్వలేదు.

ఆట ఆఖరి ఓవరుకు వచ్చింది. మూడు పరుగులు కావాలి, ఒక్క వికెట్ మిగిలింది. ఆడుతున్నది ఒక ఊరి పెద్దాయన కొడుకు. కొట్టి పరుగెత్తాడు. రెండో పరుగుకు నా వైపు వస్తుండగా బంతి వచ్చి వికెట్లకు తగిలింది. బ్యాటు గీత మీద ఉంది. చాలామందికి తెలియని సంగతి, గీత మీద ఉంటే చాలదు, గీత దాటాలి. గీత అంపైరుది అంటాం మేము. వేలెత్తాను.

అరుపులు వస్తే భయం లేదు. ఎవరూ అరవలేదు. కుందూ నీళ్ళ చప్పుడు వినబడింది. ఒక పక్క కట్టెలు కూడా ఉన్నాయి, దేనికి తెచ్చారో నేను అడగలేదు. ఆ కుర్రాడు కదలలేదు. అప్పుడు ఆ పెద్దాయన, అవుటైన పిల్లవాడి తండ్రే, లేచి పంచె దులుపుకుని, "ఆ సారు మనోడు గాదు, వాళ్ళోడూ గాదు. బ్యాటు గీత మింద ఉండింది అన్నాడంటే ఉండింది. పా నాయనా" అన్నాడు. కొడుకు నడిచాడు. జనం కదిలారు.

ఆయన నా చూపు మీద నమ్మకంతో ఆ మాట అనలేదు. నా కళ్ళు ఎలాంటివో ఆయనకేం తెలుసు? ఆయన నమ్మింది నా చుట్టరికాల జాబితాను. ఎవరికీ ఏమీ కానివాడు తక్కువ పొరపాట్లు చేస్తాడని కాదు. అతడు పొరపాటు చేసినా అది పొరపాటుగానే మిగులుతుంది, ద్రోహం కాదు. ఈ తేడా మీద మా సీమలో మనుషుల ప్రాణాలు ఆధారపడి ఉండేవి.

రెండేళ్ళ తర్వాత, 1986 నవంబరులో, పేపరులో ఒక వార్త చూసి నవ్వుకున్నాను. మా కుందూ ఒడ్డు పద్ధతి లాహోరుకు పోయింది! అంతవరకూ టెస్టు మ్యాచి ఏ దేశంలో జరిగితే ఆ దేశం అంపైర్లే ఇద్దరూ. 1912లో ఇంగ్లండులో ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా తలపడ్డప్పుడు ఇంగ్లండువాళ్ళు నిలబడిన సందర్భం ఒకటుంది గాని, దాన్ని ఎవరూ ఆనవాయితీ చేయలేదు. పాకిస్తానులో మన అంపైర్లు మోసమని ఎవరు వెళ్ళినా గొణగడం, వాళ్ళు బయటికి వెళితే వాళ్ళూ గొణగడం. పాకిస్తాను కెప్టెన్ ఇమ్రాన్ ఖాన్ ఈ గొడవ వద్దు, మూడో దేశంవాళ్ళను పిలవండి అన్నాడు. వెస్టిండీసుతో లాహోరు టెస్టుకు ఇద్దరు భారతీయులు వెళ్ళారు. ఒకరు బొంబాయి పార్సీ పెద్దమనిషి పీలూ రిపోర్టర్. ఇంటిపేరు రిపోర్టర్, పని మాత్రం తీర్పు. రెండో ఆయన మన హైదరాబాదులో 1945లో పుట్టిన వి.కె. రామస్వామి.

ఒక్కసారి ఆలోచించండి. భారతదేశం నుంచి పాకిస్తాను వెళ్ళి, పాకిస్తాను ఆటగాణ్ణి పాకిస్తాను జనం మధ్య అవుటని చెప్పాలి. ఒక వైపు మార్షల్, వాల్ష్. మరో వైపు ఇమ్రాన్, వసీం అక్రం, అబ్దుల్ ఖాదిర్. అప్పటికి ముందు ఫైసలాబాదులో సొంత అంపైర్లతో ఆడి పాకిస్తాను గెలిచింది, వెస్టిండీసు 53 పరుగులకే కూలిపోయింది. ఇప్పుడు లాహోరులో పరాయి అంపైర్లు. ఏమైంది? పాకిస్తాను 131కి, 77కి అవుటై మూడు రోజుల్లోనే ఇన్నింగ్సు తేడాతో ఓడింది. పరాయివాళ్ళను పిలవమన్నవాడే ఓడాడు. ఓడినా మళ్ళీ కరాచీ టెస్టుకు కూడా ఆ ఇద్దరే నిలబడ్డారు. ఆ మ్యాచి డ్రా అయింది, సిరీసు చెరొకటి. నా దృష్టిలో రామస్వామి, రిపోర్టర్‌లు చేసిన పనికి అంతకన్నా పెద్ద యోగ్యతాపత్రం లేదు.

అది అక్కడితో స్థిరపడలేదు. మరుసటి ఏడు, 1987 డిసెంబరులో, అదే ఫైసలాబాదులో సొంత అంపైరు షకూర్ రాణాకూ ఇంగ్లండు కెప్టెన్ మైక్ గాటింగుకూ మైదానంలో వేళ్ళు చూపించుకునేదాకా మాటలు పెరిగాయి. దాని మూలాన ఒక రోజు ఆటే జరగలేదు. 1989లో మన జట్టు పాకిస్తాను వెళ్ళినప్పుడు, టెండూల్కర్ పదహారేళ్ళ వయసులో మొదలుపెట్టిన ఆ సిరీసుకు, మళ్ళీ ఇమ్రాన్ ఖాన్ పట్టుబట్టగా ఇద్దరు ఇంగ్లీషు అంపైర్లు, హాంప్‌షైర్, హోల్డర్ వచ్చారు. నాలుగు టెస్టులూ డ్రా, అంపైర్ల మీద గొడవ లేదు. చివరికి 1994 నుంచి ప్రతి టెస్టుకూ ఒక అంపైరు మూడో దేశంవాడు ఉండాలని అంతర్జాతీయ మండలి నిర్ణయించింది. 2002లో ఇద్దరూ పరాయివాళ్ళే అన్నారు.

రామస్వామిగారు మొత్తం 26 టెస్టులకు, 43 వన్డేలకు నిలబడ్డారు. 1999 జనవరిలో మద్రాసులో పాకిస్తానుతో జరిగిన టెస్టు చాలామందికి గుర్తుంటుంది. టెండూల్కర్ 136 కొట్టినా మనం 12 పరుగుల తేడాతో ఓడాం. ఓడినా జనం లేచి నిలబడి పాకిస్తాను జట్టుకు చప్పట్లు కొట్టారు. ఆ మ్యాచికి న్యూజీలాండు ఆయన డన్‌తో పాటు నిలబడింది మన రామస్వామిగారే. టెండూల్కరూ జ్ఞాపకం, ఆ చప్పట్లూ జ్ఞాపకం. అంపైరు జ్ఞాపకం లేడు.

ఆ తర్వాతి టెస్టు ఢిల్లీలో. కుంబ్లే ఒక్కడే పది వికెట్లు తీశాడు. ఆఖరి క్యాచి పట్టింది మన హైదరాబాదు లక్ష్మణ్. కుంబ్లే వైపు నిలబడి వేలెత్తిన అంపైరు మన దేశస్థుడు జయప్రకాశ్. పది వికెట్లు తీసింది బౌలరు, కాని మన దేశపు వేలు లేచినందుకు సణుగుళ్ళు వినబడ్డాయి. అదే వేలు న్యూజీలాండు ఆయనది అయి ఉంటే సగం సణుగుళ్ళు పుట్టేవి కావు. బంతి అదే, కాలు అదే.

ఇందులో ఇంకో వైపు కూడా ఉంది, అది చెప్పకపోతే నేను అన్యాయం చేసినవాణ్ణవుతాను. 2002లో ఇద్దరూ పరాయివాళ్ళే అన్న నియమం వచ్చేసరికి, ఎనిమిది మందితో ఒక ఉన్నత జాబితా తయారు చేశారు. అందులో భారతీయుడు ఒక్కడే, మన పక్క రాష్ట్రం వెంకటరాఘవన్. ఆయన 57 టెస్టులు ఆడి, తర్వాత 73 టెస్టులకు అంపైరుగా నిలబడ్డాడు. రెండు పనులూ ఆ స్థాయిలో చేసినవాళ్ళు అరుదు. జాబితాలో లేని అంపైరుకు ఇక సొంత గడ్డ మీద టెస్టు లేదు. రామస్వామిగారి టెస్టులు కూడా ఆ 2002తోనే ఆగాయి. తటస్థ అంపైరు అనే దారి వేసినవారిలో ఆయన ఒకరు. ఆ దారి రాజమార్గమయ్యేసరికి ఆయనకు సొంత వీధిలో నడిచే వీలు లేకుండా పోయింది. ఉద్యోగంలో మనమూ చూశాం, మనం ప్రతిపాదించిన సంస్కరణ అమలయ్యేసరికి మన సీటే రద్దవుతుంది.

2020లో కోవిడ్ వచ్చి విమానాలు ఆగిపోయాయి. తటస్థ అంపైర్ల నియమాన్ని తాత్కాలికంగా పక్కన పెట్టారు. జూలైలో సౌతాంప్టనులో ఇంగ్లండు, వెస్టిండీసు ఆడాయి. ఇద్దరు అంపైర్లూ ఇంగ్లీషువాళ్ళే, ఇల్లింగ్‌వర్త్, కెటిల్‌బరో. గెలిచింది వెస్టిండీసు, నాలుగు వికెట్ల తేడాతో. 2021లో మన దేశంలో ఇంగ్లండుతో టెస్టులకు నితిన్ మీనన్ వంటి మనవాళ్ళే నిలబడ్డారు. ఆకాశం ఊడిపడలేదు. ఎందుకంటే అప్పటికి యంత్రం వచ్చింది. 1992 నవంబరులో దర్బనులో టీవీ చూసి తీర్పు చెప్పే మూడో అంపైరు మొదలయ్యాడు, ఆ పద్ధతికి మొదట అవుటైంది మన టెండూల్కరే. 2008 నుంచి ఆటగాడే అంపైరు తీర్పును తిరిగి చూడమని అడిగే పద్ధతి వచ్చింది. జరగనిదాన్ని కొలిచే టేపు చివరికి దొరికిందన్నమాట. అయితే ఆ టేపు పెద్ద మైదానాల్లో ఉంటుంది. కడపలో రాజారెడ్డి స్టేడియం ఎంత చక్కగా ఉన్నా, పక్క మండలంలో పిల్లలు ఆడుకునేచోట ఇప్పటికీ చింతగింజల అంపైరే దిక్కు.

మా అబ్బాయి దగ్గరికి అమెరికా వెళ్ళినప్పుడు ఒక బేస్‌బాల్ ఆట చూపించాడు. నాకు ఆట అర్థం కాలేదు, అంపైర్లు మాత్రం అర్థమయ్యారు. నలుగురుంటారు. ఒకాయన బంతి పట్టేవాడి వెనక ముఖానికి ఇనప జాలీ కట్టుకుని గుంజీలు తీస్తున్నట్లు వంగి ఉంటాడు. వచ్చే ప్రతి బంతికీ తీర్పు చెప్పాలి, అప్పీలుతో పనిలేదు. అర్జీ లేకుండానే ఆర్డర్లు! అక్కడ అది పూర్తి కాలపు ఉద్యోగం. బడిలో చదివి, చిన్న ఊళ్ళ లీగుల్లో ఏళ్ళ తరబడి కారుల్లో తిరిగి, అదృష్టం ఉంటే పై స్థాయికి చేరతారు. పై స్థాయిలో ఉన్నవి 76 ఉద్యోగాలు. మన పదోన్నతుల జాబితా నయమనిపించింది. బిల్ క్లెమ్ అనే ఆయన 1905 నుంచి 1941 దాకా ఆ పని చేశాడట, మనలో ఎవరి సర్వీసూ అంత లేదు.

అక్కడివాళ్ళు చెప్పిన ఒక సంగతి మనసులో ఉండిపోయింది. 2010 జూన్ 2న డెట్రాయిట్‌లో గలరాగా అనే కుర్ర బౌలరు ఎదుటి జట్టులో వరసగా ఇరవై ఆరు మందిని ఒక్కణ్ణీ గట్టెక్కనీయకుండా పంపించాడు. ఇరవై ఏడో వాణ్ణి కూడా పంపితే నూరేళ్ళకు పైబడిన ఆటలో అప్పటికి ఇరవై సార్లే జరిగిన ఘనత. ఇరవై ఏడో వాడు అవుటయ్యాడు. జిమ్ జాయిస్ అనే అంపైరు కాదన్నాడు. ఆట అయ్యాక టీవీలో చూసుకుని, "ఆ పిల్లవాడి ఘనత నేను పోగొట్టాను" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. మరునాడు మళ్ళీ అదే మైదానంలో, అదే జట్ల మధ్య, నిలబడవలసింది ఆయనే. ఆటకు ముందు ఆటగాళ్ళ జాబితా అంపైరుకు ఇవ్వడం అక్కడి మామూలు. ఆ జాబితా పట్టుకుని వచ్చింది ఎవరనుకున్నారు? గలరాగాయే. చెయ్యి కలిపాడు. జాయిస్‌ను ఆ ఊరు క్షమించింది. ఎందుకు క్షమించిందంటే, ఆయన ఎవరి మనిషీ కాదని అక్కడ ఎవరికీ అనుమానం లేదు గనక. పొరపాటు పొరపాటుగానే మిగిలింది.

మన దగ్గరా అలాంటిది ఒకటి జరిగింది. 1980 ఫిబ్రవరిలో బొంబాయి టెస్టులో హనుమంతరావు అనే అంపైరు ఇంగ్లండు ఆటగాడు బాబ్ టేలర్‌ను అవుటన్నాడు. మన కెప్టెన్ గుండప్ప విశ్వనాథ్ బంతి బ్యాటుకు తగల్లేదని చెప్పి అతణ్ణి వెనక్కి పిలిపించాడు. టేలర్, బోథమ్ కలిసి 171 పరుగులు జోడించారు, మనం పది వికెట్ల తేడాతో ఓడాం. విశ్వనాథ్‌ను అందరూ మెచ్చుకున్నారు, మెచ్చుకోవలసిందే. నేను మాత్రం ఆ క్షణాన హనుమంతరావుగారు ఏమనుకుని ఉంటారా అని ఆలోచిస్తాను. అందరి ముందూ తన నోటు కొట్టివేసి కొత్త ఆర్డరు వేయించుకున్న గుమాస్తా పరిస్థితి. అయినా ఒప్పుకున్నాడు. ఒప్పుకోకుండా బిగుసుకునే అధికారం ఆయనకు ఉంది.

ఆడవాళ్ళ సంగతి కూడా చెప్పాలి, వెనక వరసలో అక్కయ్యలు గడియారం చూస్తున్నారు. మన రాజమండ్రిలో పుట్టిన జి.ఎస్. లక్ష్మిగారు 2019లో అంతర్జాతీయ మ్యాచి రిఫరీల జాబితాలో చేరిన మొదటి స్త్రీ. ఆ ఏడు డిసెంబరులోనే షార్జాలో మగవాళ్ళ వన్డేకు రిఫరీగా వెళ్ళారు. ఇందాక చెప్పిన 2025 ప్రపంచ కప్పుకు అంపైర్లూ రిఫరీలూ మొత్తం స్త్రీలే, రిఫరీల్లో లక్ష్మిగారు ఒకరు. 2023 జనవరిలో ముగ్గురు అమ్మాయిలు మగవాళ్ళ రంజీ మ్యాచీలకు అంపైర్లుగా నిలబడ్డారు. అమెరికాలో బేస్‌బాల్ పై స్థాయికి ఒక స్త్రీ, జెన్ పావోల్, 2025 ఆగస్టులో గాని రాలేకపోయింది. ఈ ఒక్క విషయంలో మనం ముందున్నాం.

పింఛను మాట లేకుండా ఈ సభలో ఏ ప్రసంగమూ ముగియదు కనుక అదీ చెబుతాను. భారత క్రికెట్ బోర్డు పాత ఆటగాళ్ళతో పాటు పాత అంపైర్లకు కూడా నెలనెలా పింఛను ఇస్తోంది. 2022 జూన్‌లో దాన్ని పెంచారు. పెద్ద మ్యాచీలకు నిలబడినవారికే అది. మా వంటి జిల్లా అంపైర్లకు ఆ జాబితాలో చోటు లేదు. ఏ నకారా కేసూ మాకు పనికిరాదు, మజ్జిగకు బిల్లు పెట్టలేం కదా.

చివరగా కార్యదర్శిగారికి ఒక మనవి. వచ్చే నెల మన కర్నూలు, కడప శాఖల మధ్య క్యారమ్స్ పోటీకి నన్ను రిఫరీగా ఉండమన్నారు. సంతోషం. కాని నేను కర్నూలులో పద్దెనిమిదేళ్ళు, కడపలో పదహారేళ్ళు పనిచేసినవాణ్ణి. రెండు వైపులా నా పాత సెక్షనువాళ్ళే ఉన్నారు, పైగా మా వియ్యంకుడు కడప జట్టులో ఉన్నాడు. దయచేసి అనంతపురం శాఖకు ఒక కార్డు రాయండి. అక్కడ క్యారమ్స్ తెలిసినవారు ఒకరిద్దరున్నారు. బస్సు చార్జీ, భోజనం ఏర్పాటు చేస్తే వస్తారు. చుట్టరికాలు మాత్రం ముందే అడిగి ఉంచండి.